ఆకాశం పాఠమైన తీరు: సీహోర్ నుంచి హోషంగాబాద్ దాకా

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- 19వ శతాబ్దపు భారతదేశంలో సౌరమండల జ్ఞానం పాఠశాలకు ఏ దారిన వచ్చిందో వివరించగలుగుతారు.
- పౌరాణిక, సైద్ధాంతిక, కోపర్నికస్ ప్రపంచ చిత్రాల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
- సీహోర్, హోషంగాబాద్ ప్రయోగాలను పోల్చి, వాటి ఘనతనూ పరిమితులనూ అంచనా వేయగలుగుతారు.
- మాధ్యమిక తరగతుల పిల్లలకు సౌరమండలాన్ని బోధించే పద్ధతిపై చరిత్ర ఆధారంగా ఒక అభిప్రాయానికి రాగలుగుతారు.

1.1 పరిచయం

1980 ఫిబ్రవరి 16న మన దేశంలో సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. దాని దారి హైదరాబాదుకు దగ్గరలోని జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా సాగింది. శాస్త్రవేత్తలు దుర్భిణులతో అక్కడికి చేరుకున్నారు. నేను అప్పుడు డిగ్రీ విద్యార్థిని. ఆ మధ్యాహ్నం మా వీధిలో ఒక్క తలుపూ తెరిచి లేదు. నీళ్ల బిందెల్లో దర్భలు వేశారు. సూర్యునికీ భూమికీ నడుమ చంద్రుడు రావడం వల్ల సూర్యగ్రహణం కలుగుతుందని ఏడో తరగతి పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న నేను కూడా ఇంట్లోనే కూర్చున్నాను. పుస్తకంలోని చంద్రుడికీ ఆకాశంలోని చంద్రుడికీ సంబంధం ఉందని నాకు తోచలేదు. బడిలో ఎవరూ ఆ సంబంధాన్ని చూపించనూ లేదు.

మీలో చాలామంది ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నారు, లేదా రేపు చేరబోతున్నారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు 'సౌరకుటుంబం' పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు మీ ముందు నిలిచే ప్రశ్న కొత్తది కాదు. పిల్లవాడు ఇంటి నుంచి ఒక ఆకాశాన్ని వెంట తెచ్చుకుంటాడు. పుస్తకం మరో ఆకాశాన్ని చూపుతుంది. ఈ రెండింటినీ కలపడం ఎలా? ఈ ప్రశ్నకు మన దేశంలో రెండు వేర్వేరు కాలాల్లో రెండు గంభీరమైన సమాధానాలు వచ్చాయి. విశేషమేమంటే రెండూ భోపాల్ పరిసరాల్లోనే వచ్చాయి. ఒకటి 1830లలో సీహోర్‌లో, రెండోది 1972 తరువాత హోషంగాబాద్ జిల్లాలో. ఈ భాగంలో వాటిని పరిశీలిద్దాం.

1.2 మూడు ప్రపంచ చిత్రాలు

సీహోర్ ప్రయోగం అర్థం కావాలంటే, ఆనాడు చదువుకున్నవారి మనసుల్లో ఉన్న మూడు ప్రపంచ చిత్రాలను ముందుగా తెలుసుకోవాలి.

మొదటిది పౌరాణిక చిత్రం. భూమి విశాలమైన చదునైన వలయం. నడుమ మేరు పర్వతం, చుట్టూ ఏడు ద్వీపాలు, ఏడు సముద్రాలు. సూర్యుడు మేరువు చాటుకు వెళ్లినప్పుడు మనకు రాత్రి అవుతుంది. విష్ణుపురాణం ప్రకారం చంద్రుడు సూర్యుని కంటే పైన ఉంటాడు. గ్రహణానికి కారణం రాహువు.

రెండోది సిద్ధాంత గ్రంథాల చిత్రం. సిద్ధాంతాలంటే గణితంతో కూడిన ఖగోళ గ్రంథాలు. వీటి ప్రకారం భూమి గోళం. దానికి ఆధారంగా పామో ఏనుగో అక్కరలేదు. చంద్రుడే మనకు అతి దగ్గరివాడు. భూమి నీడ చంద్రునిపై పడితే చంద్రగ్రహణం, చంద్రుడు సూర్యుని కప్పితే సూర్యగ్రహణం. అయితే భూమి విశ్వం నడుమ కదలకుండా ఉంటుందన్నది ఎక్కువమంది సిద్ధాంతకర్తల మతం. 499లో ఆర్యభటీయం రాసిన ఆర్యభటుడు మాత్రం భూమి తన చుట్టూ తాను తిరుగుతుందన్నాడు. ముందుకు పోతున్న పడవలో ఉన్నవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపించినట్లే, కదలని నక్షత్రాలు మనకు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయన్నది అతని పోలిక. బ్రహ్మగుప్తుడు దీన్ని ఖండించాడు. తరువాతి కాలంలో కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి, 1500 ప్రాంతంలో, ఐదు గ్రహాలూ సూర్యుని చుట్టూ తిరుగుతాయనీ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడనీ ఒక నమూనా ఇచ్చాడు. అంటే సిద్ధాంత సంప్రదాయం ఒకే మాట మీద నిలిచిపోయినది కాదు. అందులో వాదం ఉంది, సవరణ ఉంది.

మూడోది కోపర్నికస్ చిత్రం. 1543లో వెలువడిన అతని గ్రంథం సూర్యుని నడుమ నిలిపి, భూమిని గ్రహాల వరుసలో చేర్చింది. 1610లో గెలీలియో శుక్రునికి చంద్రునిలాగే కళలు ఉన్నాయని దుర్భిణిలో చూశాడు. భూమి చలనానికి ప్రత్యక్ష సాక్ష్యాలు మెల్లగా వచ్చాయి. 1729లో బ్రాడ్లీ నక్షత్రాల స్థానాల్లో వార్షికమైన చిన్న కదలికను వివరించాడు. 1838లో బెస్సెల్ ఒక నక్షత్రపు దృష్టిభేదాన్ని కొలిచాడు. ఈ రెండో తేదీని గుర్తుంచుకోండి. సీహోర్‌లో పాఠాలు మొదలైనప్పటికి ఆ కొలత ఇంకా జరగలేదు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. 'గ్రహం' అన్న పదం మన భాషలో రెండు పనులు చేస్తోంది. నవగ్రహాల్లో సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు, రాహుకేతువులూ ఉన్నారు. భూమి లేదు. సౌరమండల పాఠంలో భూమి గ్రహం, సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం, రాహుకేతువులు లేవు. తరగతి గదిలో ఈ తేడాను విప్పి చెప్పకపోతే పిల్లవాడు రెండు జాబితాలనూ కలిపేసుకుంటాడు. తప్పు అతనిది కాదు.

1.3 సీహోర్ ప్రయోగం

భోపాల్ సంస్థానంలో ఈస్టిండియా కంపెనీ పొలిటికల్ ఏజెంటుగా పనిచేసిన లాన్సెలాట్ విల్కిన్సన్ సీహోర్‌లో ఉండేవాడు. అక్కడి పాఠశాలపై అతనికి ప్రత్యేక శ్రద్ధ. 1834లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అతను ఒక వ్యాసం రాశాడు. దేశీయ విద్యలో సిద్ధాంత గ్రంథాల ఉపయోగం దాని విషయం.

విల్కిన్సన్ వాదన ఇలా సాగుతుంది. జ్యోతిష్కులు చాలామంది పంచాంగ గణనకు అక్కరకొచ్చే కరణ గ్రంథాలతో సరిపెట్టుకుంటున్నారు. మూలమైన సిద్ధాంతాలను చదివేవారు అరుదు. ఆ సిద్ధాంతాల్లో భూమి గోళమని యుక్తితో నిరూపించి ఉంది. యూరపు నుంచి వచ్చిన కొత్త మాటగా చెబితే పండితుడు వినడు. భాస్కరాచార్యుని మాటగా చెబితే వింటాడు. కాబట్టి పురాణం నుంచి సిద్ధాంతానికి, సిద్ధాంతం నుంచి కోపర్నికస్‌కు మెట్లు కట్టాలి.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన సిద్ధాంత శిరోమణిలోని గోళాధ్యాయం ఈ పనికి తగిన పుస్తకం. భూమి గుండ్రమైతే చదునుగా ఎందుకు కనిపిస్తుంది అన్న ప్రశ్నకు అతను ఇచ్చిన సమాధానం నేటి ఏడో తరగతి పిల్లలకూ చెప్పదగినది. పెద్ద వృత్తం చుట్టుకొలతలో నూరోవంతు తీసుకుంటే అది సరళరేఖలాగే కనిపిస్తుంది. భూమి చాలా పెద్దది, మనిషి చాలా చిన్నవాడు. అతని చూపుకు అందే తునక చదునుగానే ఉంటుంది. అవతలి వైపున ఉన్నవారు కిందికి పడిపోరా అన్న సందేహాన్నీ అతను తీర్చాడు. వారు మనలాగే నిశ్చింతగా నిలబడి ఉంటారన్నాడు. భూమి చుట్టుకొలత లెక్కకూ దారి చూపాడు. భూమధ్యరేఖ నుంచి ఉజ్జయిని చుట్టుకొలతలో 16వ వంతు దూరంలో ఉంది కాబట్టి, ఆ దూరాన్ని 16తో గుణిస్తే చుట్టుకొలత వస్తుంది.

సీహోర్ పండితుడు సుబాజీ బాపు ఈ మార్గంలో మరాఠీలో సిద్ధాంత శిరోమణి ప్రకాశం అనే గ్రంథం రాశాడు. అది 1836లో వెలువడింది. ఓంకార్ భట్ హిందీలో భూగోళసారం రాశాడు. 1841లో ఆగ్రాలో అచ్చయిన ఈ పుస్తకం పౌరాణిక, సైద్ధాంతిక, కోపర్నికస్ మతాలను పక్కపక్కన పెట్టి పోల్చింది. దేశభాషల్లో పాఠకుని ముందు మూడు చిత్రాలనూ నిలిపి, ఏది సాక్ష్యానికి నిలుస్తుందో ఆలోచించమన్న తొలి పుస్తకాల్లో ఇది ఒకటి. సీహోర్‌లో చదివిన బాపూదేవ శాస్త్రి 1842లో బెనారస్ సంస్కృత కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. విల్కిన్సన్ చేసిన గోళాధ్యాయ ఆంగ్లానువాదాన్ని అతనే సవరించగా 1861లో అది ప్రచురితమైంది. విల్కిన్సన్ మాత్రం 1841లోనే మరణించాడు.

ఈ ప్రయత్నానికి ప్రతిఘటన కూడా వచ్చింది. పురాణానికీ సిద్ధాంతానికీ అసలు విరోధమే లేదని నిరూపించడానికి సంస్కృతంలో గ్రంథరచన జరిగింది. సుబాజీ బాపు దానికి బదులు రాశాడు. ఈ వాదోపవాదాలు తెల్లవారికీ భారతీయులకూ మధ్య జరిగినవి కావు, పండితులకూ పండితులకూ మధ్య జరిగినవి. ఆధునిక విజ్ఞానం వచ్చేనాటికి భారతీయ సమాజం మౌనంగా ఉందనుకోవడం పొరపాటని ఇవి చెబుతాయి.

1.4 మెకాలే నీడలో

విల్కిన్సన్ వ్యాసం వచ్చిన మరుసటి ఏడు, 1835 ఫిబ్రవరి 2న, మెకాలే తన ప్రసిద్ధమైన విద్యా నివేదిక సమర్పించాడు. అందులో భారతీయ ఖగోళాన్ని, ఇంగ్లండులో బడికి వెళ్లే ఆడపిల్లలకు కూడా నవ్వు తెప్పించేదిగా ఎగతాళి చేశాడు. బెల్లపు పాకం సముద్రాలూ వెన్న సముద్రాలూ ఉన్న భూగోళమని ఎత్తిపొడిచాడు. అతను పరిహసించినది పౌరాణిక చిత్రాన్ని. ఆ చిత్రాన్ని భారతీయ సిద్ధాంతకర్తలే వందల ఏళ్ల కిందట గణితంతో తోసిపుచ్చారన్న సంగతి అతని నివేదికలో కనిపించదు. సంస్కృతం చదవని మెకాలేకు అది పట్టలేదు. చదివిన విల్కిన్సన్‌కు పట్టింది. గెలిచింది మాత్రం మెకాలే పద్ధతి.

దీని ఫలితం మన బడుల్లో ఇంకా మిగిలి ఉంది. సౌరమండలం పిల్లలకు పరాయి భాషలోని పరాయి సంగతిగా, తుది తీర్పుగా చేరింది. తన ఇంటి పంచాంగానికీ బడిలోని పటానికీ నడుమ మెట్లు లేకుండా పోయాయి. మెట్లు లేనప్పుడు పిల్లవాడు రెండు అంతస్తుల్లోనూ విడివిడిగా కాపురం పెడతాడు. పరీక్షకు ఒకటి, ఇంటికి ఒకటి. 1980లో నేను చేసింది అదే.

అలాగని సీహోర్ ప్రయోగాన్ని ఆకాశానికెత్తవలసిన పని లేదు. చరిత్ర విద్యార్థులుగా మీరు దాని పరిమితులను కూడా చూడాలి. మొదటిది, విల్కిన్సన్ పాలక వర్గానికి చెందిన అధికారి. పురాణంపై నమ్మకం సడలాలన్నది అతని ఉద్దేశాల్లో ఒకటి. రెండోది, సంస్కృత సిద్ధాంతాలను ఆధారం చేసుకున్న చదువు ఆనాటి సమాజంలో కొద్దిమందికే అందింది. స్త్రీలకూ, కింది కులాలుగా నెట్టివేతకు గురైన వారికీ ఆ తలుపులు మూసే ఉన్నాయి. మూడోది, ఒక గ్రంథ ప్రామాణ్యాన్ని తీసి మరో గ్రంథ ప్రామాణ్యాన్ని పెట్టడంతో పని పూర్తికాదు. భాస్కరుడు చెప్పాడు కాబట్టి భూమి గుండ్రం అని నమ్మిన విద్యార్థి, రేపు మరొకరు మరొకటి చెబితే ఏం చేస్తాడు?

మీ అభ్యసన ప్రగతిని పరీక్షించుకోండి

1. సిద్ధాంత గ్రంథాల ప్రకారం గ్రహణాలకు కారణం ఏమిటి?
2. విల్కిన్సన్ సిద్ధాంతాలను 'మెట్లు'గా ఎందుకు భావించాడు?
3. భూగోళసారం ప్రత్యేకత ఏమిటి?

1.5 తెలుగువారూ శుక్రగ్రహ సంక్రమణమూ

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా చిన్న నల్లని చుక్కలా సాగిపోయాడు. సూర్యునికీ భూమికీ గల దూరాన్ని లెక్కకట్టడానికి ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు ఈ సంఘటన కోసం ఎదురుచూశారు. మద్రాసు వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి అప్పటికే పేరు పొందినవాడు. 1867లో ఒక చర నక్షత్రాన్ని కనుగొన్నాడు. పంచాంగ గణకుల కుటుంబం నుంచి వచ్చిన అతను, సంక్రమణాన్ని గురించి సామాన్యులకు చెప్పడానికి ఒక చిన్న పుస్తకం రాసి, ఒకటికి మించిన భాషల్లో వెలువరించే ఏర్పాటు చేశాడు. దాని రూపం సంభాషణ. ఒక సిద్ధాంతి అడుగుతాడు, రచయిత చెబుతాడు. అడిగేవాడిని మూర్ఖుడిగా చూపకుండా, లెక్క తెలిసినవాడిగా గౌరవించి మాట్లాడటం అందులోని పద్ధతి. పంచాంగాలను కంటికి కనిపించే ఆకాశంతో సరిచూసుకోవాలన్న దృగ్గణిత పక్షానికి అతను గట్టి సమర్థకుడు.

అదే సంక్రమణాన్ని విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు పరిశీలించాడు. డాబాగార్డెన్స్‌లోని ఆ వేధశాలను 1840 ప్రాంతంలో అతని మామగారు గోడే వెంకట జగ్గారావు నెలకొల్పాడు. ఇటు హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన వేధశాల నిజామియా వేధశాలగా ఎదిగి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. దాని కొనసాగింపే మొదట చెప్పిన జపాల్-రంగాపూర్ వేధశాల.

తెలుగులో శాస్త్ర విషయాలు రాసే పనిని 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి వంటి సంస్థలు ముందుకు తీసుకువెళ్లాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలనూ పారిభాషిక పదాలనూ సమకూర్చింది. భ్రమణం, పరిభ్రమణం, కక్ష్య, ఉపగ్రహం వంటి మాటలు ఈనాడు మన పాఠాల్లో సులువుగా దొర్లుతున్నాయంటే దాని వెనుక ఇన్ని తరాల శ్రమ ఉంది. ఈ మాటలు చాలావరకు సిద్ధాంత సంప్రదాయపు సంస్కృతం నుంచి వచ్చినవే. విల్కిన్సన్ కోరిన మెట్లు పాఠంలో నిలవకపోయినా భాషలో నిలిచాయి.

అయినా మన పరిసరాల్లోనే ఇన్ని వేధశాలలు ఉండగా, వాటి జ్ఞానం ఊరి బడికి ఎందుకు చేరలేదు? వేధశాలకూ బడికీ మధ్య దూరం ఒక సామాజిక సమస్య. దాన్ని నేరుగా ఎదుర్కొన్న ప్రయత్నం హోషంగాబాద్‌ది.

1.6 హోషంగాబాద్ ప్రయోగం

మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక విజ్ఞాన బోధనా కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ అనుమతితో దీన్ని చేపట్టాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా మౌలిక పరిశోధనా సంస్థల నుంచి శాస్త్రవేత్తలు వచ్చి ఉపాధ్యాయులతో కలిసి పనిచేశారు. 1978లో ఇది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ బాధ్యత తీసుకుంది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ముగించింది.

ఇవి ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలున్న మామూలు ప్రభుత్వ బడులు. పిల్లలు నాలుగేసి మంది చొప్పున గుంపుగా కూర్చుని ప్రయోగాలు చేసేవారు. 'బాల్ వైజ్ఞానిక్' అనే పుస్తకంలో సమాధానాల కంటే ప్రశ్నలే ఎక్కువ. పరీక్షలో పుస్తకం దగ్గర పెట్టుకోవచ్చు. ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి పిల్లలు తమ సందేహాలు ఉత్తరాలుగా రాసేవారు, జవాబులు వచ్చేవి.

ఆకాశ పాఠానికీ ఇదే సూత్రం వర్తించింది. నేలలో నాటిన కర్ర నీడను గమనించడం, చంద్రుడు రోజురోజుకూ ఎక్కడ ఏ ఆకారంలో కనిపిస్తున్నాడో నమోదు చేయడం వంటి పనులతో పాఠం నడిచేది. సీహోర్ విద్యార్థికి భాస్కరుడు ప్రమాణమైతే, హోషంగాబాద్ పిల్లకు తన నోటుపుస్తకంలోని నమోదు ప్రమాణం. కులం, లింగం అన్న తేడా లేకుండా నీడ అందరి ముందూ పడుతుంది. కొలతబద్ద పట్టుకున్న ఏ పిల్లైనా దాన్ని కొలవవచ్చు.

ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. చంద్రకళలను కంటితో చూడవచ్చు. భూమి సూర్యుని చుట్టూ తిరగడాన్ని ఏ పిల్లవాడూ కంటితో చూడలేడు. ప్రతి ఉదయం అతనికి కనిపించేది సూర్యుడు ఉదయించడమే. అందువల్ల చూపు దగ్గర ఆగిపోతే కోపర్నికస్ దాకా చేరలేం. చూసినదాన్ని వివరించే కథలు రెండు ఉన్నప్పుడు ఏది మెరుగో తేల్చుకునే నేర్పు కావాలి. శుక్రుడు ఎప్పుడూ సాయంత్రం పడమటనో, వేకువన తూర్పుననో కనిపిస్తాడు గాని నడిరాత్రి నెత్తి మీద ఎందుకు కనిపించడు? ఈ ప్రశ్న పిల్లల ముందు పెట్టండి. శుక్రుని దారి సూర్యుని చుట్టూ, మన దారికి లోపల ఉందనుకుంటే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. ఆ తరువాత ఆర్యభటుని పడవ, గెలీలియో చూసిన శుక్రకళలు తోడవుతాయి. అంటే హోషంగాబాద్‌కు సీహోర్ కూడా కావాలి. చూపుకు వాదం తోడు కావాలి, వాదానికి చరిత్ర తోడు కావాలి.

1.7 పిల్లల మనసులోని భూమి

ఈ రెండు ప్రయోగాలు పట్టించుకున్న సంగతిని తరువాతి పరిశోధనలు బలపరిచాయి. 1992లో వోస్నియాడౌ, బ్రూవర్ అనే పరిశోధకులు అమెరికా పిల్లలతో మాట్లాడి ఒక విషయం గమనించారు. భూమి గుండ్రం అని చెప్పే పిల్లల్లో చాలామంది మనసులో ఉన్నది మన గోళం కాదు. కొందరి భూమి బోలు బంతి, మనం దాని లోపల చదునైన నేల మీద ఉంటాం. కొందరికి రెండు భూములు, ఒకటి మనం నిలబడే చదునైనది, మరొకటి ఆకాశంలో ఉండే గుండ్రనిది. పిల్లలు ఉపాధ్యాయుని మాటను కాదనలేదు, తమ కళ్లను కూడా కాదనలేదు. రెండింటినీ కలిపి సొంతంగా ఒక చిత్రం కట్టుకున్నారు. 1996లో సమరపుంగవన్ వారితో కలిసి భారతీయ పిల్లలపై ఇలాంటి అధ్యయనమే చేసినప్పుడు, భూమి నీటిపై నిలిచి ఉందన్న భావన కొందరి చిత్రాల్లో కనిపించింది. ఇంటి కథలు బడి పాఠంలోకి ప్రవహిస్తాయని దీనివల్ల తెలుస్తోంది.

కాబట్టి పాఠం మొదలుపెట్టేటప్పుడు పిల్లవాడి చిత్రాన్ని ముందుగా బయటికి రానివ్వాలి. "భూమి బొమ్మ వేసి, అందులో నువ్వెక్కడున్నావో చూపించు" అని అడిగితే చాలు. వచ్చిన బొమ్మలను చూసి నవ్వకూడదు. మెకాలే నవ్వు తరగతి గదిలో వినిపించకూడదు.

1.8 మన బడిలో మూడు పనులు

మొదటి పని కర్ర నీడ. సిద్ధాంతాల్లో దీని పేరు శంకువు. 12 అంగుళాల శంకువుకు విషువ దినాన మధ్యాహ్నం పడే నీడను పలభ అంటారు. మార్చి 21 లేదా సెప్టెంబరు 23 ప్రాంతంలో ఒక మీటరు కర్రను నిటారుగా నాటండి. గడియారంలో 12 అయిందని కాకుండా నీడ అన్నింటికంటే పొట్టిగా ఉన్న క్షణంలో కొలవండి. తిరుపతిలో అది సుమారు 24 సెంటీమీటర్లు, హైదరాబాదులో 31, ఆదిలాబాదులో 36 ఉంటుంది. ఒకే సూర్యుడు, ఒకే రోజు, నీడలు వేరు. భూమి చదునైతే, సూర్యుడు చాలా దూరంలో ఉంటే, ఇలా జరగదు. కాగితంపై ఆ త్రిభుజాలు గీసి కోణమానినితో కొలిస్తే తిరుపతికీ ఆదిలాబాదుకూ నడుమ తేడా సుమారు 6 డిగ్రీలు వస్తుంది. ఈ రెండు ఊళ్లూ దాదాపు ఒకే ఉత్తర-దక్షిణ రేఖ మీద, సుమారు 670 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 360ని 6తో భాగిస్తే 60. దాన్ని 670తో గుణిస్తే 40,200 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. భాస్కరుడు ఉజ్జయినితో చూపిన దారి ఇదే. రెండు బడుల పిల్లలు ఫోనులో మాట్లాడుకుని చేసుకోగల లెక్క ఇది.

రెండో పని కొలతల నమూనా. పుస్తకంలోని బొమ్మలో గ్రహాలన్నీ ఒకే పుటలో ఇరుక్కుని ఉంటాయి. పిల్లలకు దూరాల గురించి తప్పుడు ఊహ కలిగేది అక్కడే. భూమిని ఒక మిల్లీమీటరు ఆవగింజ అనుకుందాం. అప్పుడు సూర్యుడు 11 సెంటీమీటర్ల వలిచిన కొబ్బరికాయ. వాటి మధ్య దూరం దాదాపు 12 మీటర్లు. చంద్రుడు ఆవగింజకు 3 సెంటీమీటర్ల దూరంలో చిన్న నలుసు. గురుడు ఒక సెంటీమీటరు గోళీ, కొబ్బరికాయకు 60 మీటర్ల దూరంలో. నెప్ట్యూన్ 350 మీటర్ల అవతల, బడి ఆవరణ దాటి ఊరి మధ్యలో ఎక్కడో. అతి దగ్గరి నక్షత్రం 3,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. పిల్లలను వరుసగా నిలబెట్టి నడిపించండి. మిగిలినదంతా ఖాళీ అని వారికే అర్థమవుతుంది.

మూడో పని జాబితా చరిత్ర. భూగోళసారం అచ్చయిన 1841 నాటికి నెప్ట్యూన్ తెలియదు. దాన్ని 1846లో కనుగొన్నారు. అదే కాలంలో 1801లో కనుగొన్న సెరెస్‌నూ, మరో మూడు చిన్న గోళాలనూ కూడా గ్రహాలుగా లెక్కించేవారు. అలాంటివి మరిన్ని బయటపడ్డాక వాటిని గ్రహశకలాలుగా వేరు చేశారు. 1930లో ప్లూటో చేరింది. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం దాన్ని మరుగుజ్జు గ్రహంగా నిర్ణయించింది. తొమ్మిది పేర్లు బట్టీ పట్టిన మా తరం ఆ రోజు ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడింది. గ్రహం అని దేన్ని, ఎందుకు అంటామో నేర్చుకున్న పిల్లవాడికి పోయిందేమీ లేదు. అతనికి ఒక కారణం అదనంగా తెలిసింది.

1.9 సారాంశం

సౌరమండల పాఠానికి మన దేశంలో రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. సీహోర్ పండితులు పిల్లల పూర్వజ్ఞానం నుంచి కొత్త జ్ఞానానికి మెట్లు కట్టారు, కాని ఆ మెట్లు కొద్దిమందికే అందాయి, గ్రంథ ప్రామాణ్యాన్ని విడవలేదు. మెకాలే అనంతర విద్య మెట్లను తీసేసి తీర్పును మాత్రమే అందించింది. రఘునాథాచారి, నరసింగరావు వంటివారు సంప్రదాయ గణితానికీ ఆధునిక దుర్భిణికీ వారధిగా నిలిచారు. హోషంగాబాద్ ఉపాధ్యాయులు మామూలు బడిలోని ప్రతి పిల్లకూ పరిశీలించే హక్కును ఇచ్చారు. ఒకరి బలం మరొకరి లోటును పూరిస్తుంది.

మళ్లీ సూర్యగ్రహణం వస్తుంది. ఆ రోజు మీ విద్యార్థులను తగిన రక్షణతో బడి ఆవరణలోకి తీసుకురండి. సూర్యుని నేరుగా చూడనివ్వకండి. అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి, దాని నుంచి నేల మీద పడే చిన్న బింబాన్ని చూపించండి. చెట్టు ఆకుల సందుల్లోంచి కూడా అవే నెలవంకలు నేల మీద వందలుగా పరచుకుంటాయి. ఇంట్లో దర్భలు వేసిన అమ్మమ్మను కూడా పిలవండి. ఆమెతో వాదించవలసిన పని లేదు. ఆ నెలవంకలు చూపించి, చంద్రుడు అడ్డం వస్తాడన్న మాట పంచాంగం లెక్కలో కూడా ఉందని చెప్పండి. పాఠం అక్కడ మొదలవుతుంది.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సీహోర్ ప్రయోగాన్ని వివరించి, దాని పరిమితులను చర్చించండి.
2. సీహోర్, హోషంగాబాద్ ప్రయోగాల్లో జ్ఞాన ప్రామాణ్యం విషయంలో గల తేడాను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. భూమి చదునుగా కనిపించడానికి భాస్కరాచార్యుడు చెప్పిన కారణం ఏమిటి?
2. 1874 శుక్రగ్రహ సంక్రమణ సందర్భంలో చింతామణి రఘునాథాచారి కృషిని తెలపండి.
3. 'గ్రహం' అనే పదానికి గల రెండు అర్థాలు తరగతి గదిలో కలిగించే చిక్కును ఉదాహరణతో వివరించండి.

III. ఆచరణాత్మక కృత్యం
మీ ఊరిలో ఒక మీటరు కర్ర నీడను వరుసగా ఏడు రోజులు మధ్యాహ్నం కొలిచి పట్టిక తయారు చేయండి. వేరే జిల్లాలో ఉన్న మీ తోటి విద్యార్థి అవే రోజుల్లో తీసుకున్న కొలతలతో పోల్చి, మీ నిర్ణయాన్ని ఒక పుటలో రాయండి.